కారు బ్యాటరీ జమాఖర్చులు

2023 ఆగస్టులో ఒక మంగళవారం. తెల్లవారుజామున 5 గంటలయింది. విజయవాడలో మా ఇంటి ముందు సన్నగా వాన పడుతోంది. నాన్నగారిని మెల్లగా నడిపించుకొని వచ్చి కారు ముందు సీటులో కూర్చోబెట్టాను. ఆరు గంటలకల్లా ఆయన ఆసుపత్రిలో డయాలిసిస్ పడక మీద ఉండాలి. తాళంచెవి తిప్పాను. డాష్‌బోర్డు మీద బ్యాటరీ తక్కువగా ఉందన్న హెచ్చరిక వెలిగింది. ఇంజను రెండుసార్లు మూలిగింది. ఆ తరువాత టకటకమనే చప్పుడు తప్ప మరేమీ లేదు.

మూత్రపిండాలు పనిచేయని మనిషికి డయాలిసిస్ వాయిదా వేసుకోదగిన పని కాదు. మా నాన్నగారికి అది వారానికి రెండుసార్లు, మంగళవారం నాడు, శుక్రవారం నాడు జరిగేది. శుక్రవారం నుండి మంగళవారం దాకా ఉన్న నాలుగు రోజుల ఎడమే ఆయనకు కష్టకాలం. ఒంట్లో చేరిన నీరు పోయే దారి లేక, సోమవారం రాత్రికి ఆయన వెల్లకిలా పడుకోలేరు. దిండ్లకు ఆనుకొని కూర్చునే కునుకు తీస్తారు. అటువంటి మనిషిని కారులోనే వదలి, ఆటో కోసం వానలో వీధి చివరిదాకా పరుగెత్తాను. మేము ఆసుపత్రి చేరేసరికి 6.40 అయింది. అప్పటికే ఆ పడక మరొక రోగికి ఇచ్చారు. రెండవ వంతు వచ్చేదాకా, 11 గంటల వరకు, నాన్నగారు వరండాలో బెంచీ మీద ఆయాసపడుతూ కూర్చున్నారు.

ఆ హెచ్చరిక రావడం అది మొదటిసారి కాదు, మూడవసారి. జూన్ నెలాఖరున మొదటిసారి వచ్చినప్పుడు, బ్యాటరీకి నాలుగేళ్ళు నిండాయి గనుక కొత్తది వేయించాను. జూలైలో రెండవసారి వచ్చినప్పుడు, విద్యుత్తును తయారుచేసే ఆల్టర్నేటర్ దెబ్బతిన్నదని ఒక షాపులో చెబితే, దానినీ మార్పించాను. మొత్తం 14,000 రూపాయలు ఖర్చయ్యాయి. అయినా హెచ్చరిక మళ్ళీ వచ్చింది. ఇక ఏం మార్చాలో నాకు తోచలేదు.

రెండు రకాల హెచ్చరికలు

కారు ఇచ్చే హెచ్చరికను మనలో చాలామంది సరిగా చదవము. బ్యాటరీ పేరు కనబడగానే దోషం బ్యాటరీదేనని నిశ్చయించుకుంటాము. నిజానికి ఈ హెచ్చరికలు రెండు రకాలు. వాటి అర్థాలు వేరు.

మొదటిది చిన్న పెట్టె ఆకారంలో ఉండే ఎర్రదీపం. తాళంచెవి తిప్పగానే అది వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. బండి నడుస్తూ ఉండగా అది వెలిగిందంటే ఆల్టర్నేటర్ నుండి విద్యుత్తు రావడం లేదని అర్థం. బెల్టు తెగి ఉండవచ్చు, తీగ ఊడి ఉండవచ్చు, ఆల్టర్నేటరే చెడి ఉండవచ్చు. అప్పుడు ఏసీ, పాటలు కట్టివేసి దగ్గరలోని మెకానిక్ వద్దకు చేరాలి. దానితోపాటు ఇంజను వేడి కూడా పెరుగుతూ ఉంటే ముందుకు పోకూడదు. చాలా ఇంజనులలో నీటి పంపును తిప్పేది కూడా ఆ బెల్టే.

రెండవది ఇంజను ఆగి ఉన్నప్పుడో, స్టార్టు చేయబోయేటప్పుడో అక్షరాలలో కనిపించే హెచ్చరిక. బ్యాటరీలో నిలవ ఉండవలసినంత విద్యుత్తు లేదని అది చెబుతుంది. ఎందుకు లేదో మాత్రం చెప్పదు. మొదటిది రాబడి ఆగిందన్న కబురు. రెండవది నిలవ తరిగిందన్న కబురు. మాకు వచ్చినది రెండవది. నేను చేయించిన మరమ్మతులు మాత్రం ఆ తేడా తెలియకుండా చేయించినవి.

ఆ నల్లపెట్టెలో ఏమున్నది?

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తన్ ప్లాంతే కనిపెట్టాడు. సీసపు పలకలు, సీసపు ఆక్సైడు పలకలు, వాటి నడుమ నీరు కలిపిన గంధకికామ్లం, ఇంతే దాని నిర్మాణం. ఒక్కొక్క అర సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. అటువంటి ఆరు అరలను వరుసగా కలిపితే మన కారు బ్యాటరీ అవుతుంది. అందుకే 12 వోల్టుల బ్యాటరీ అని పిలిచినా, నిండుగా ఉన్నప్పుడు అది 12.6 వోల్టులు చూపుతుంది.

మోటారుబండికి దీని అవసరం స్టార్టరు వల్ల పెరిగింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి క్యాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకుముందు ఇంజనును చేతితో తిప్పవలసిందే. అంబాసిడర్ కారు ముందు నిలబడి ఇనుప హేండిల్ వేసి తిప్పిన రోజులు మన పెద్దలకు ఇంకా జ్ఞాపకమే.

స్టార్టరు ఆకలి పెద్దది. చిన్న పెట్రోలు కారులోనే అది 100 నుండి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. కాని ఆ పని రెండు మూడు క్షణాలలో ముగుస్తుంది. 150 ఆంపియర్ల చొప్పున 3 సెకండ్లు లాగినా ఖర్చయ్యేది ఒక ఆంపియర్-గంటలో ఎనిమిదో వంతు మాత్రమే. ఇక డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల చిన్న దీపాన్ని చూడండి. రాత్రి పది గంటలలో అది 4 ఆంపియర్-గంటలకు పైగా తాగుతుంది. అంటే కారును ముప్పైసార్లు స్టార్టు చేయగల విద్యుత్తును ఎవరూ చూడని ఒక్క దీపం తెల్లవారేలోగా హరిస్తుందన్నమాట. బ్యాటరీని కుంగదీసేది చాలాసార్లు పెద్ద ఖర్చు కాదు. ఆగని చిన్న ఖర్చు.

నాన్నగారి జేబు పుస్తకం

ఆనాటి మధ్యాహ్నం డయాలిసిస్ జరుగుతూ ఉండగా నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నాన్నగారు దిండు కింద నుండి తన జేబు పుస్తకం తీశారు. ఆయన కృష్ణా జిల్లాలో ఒక సహకార సంఘంలో 31 సంవత్సరాలు లెక్కలు రాసిన మనిషి. పదవీ విరమణ చేసినా చిట్టా రాసే అలవాటు పోలేదు. తన బరువు, రక్తపోటు, తాగిన నీళ్ళు, అన్నీ తేదీలవారీగా రాసుకుంటారు. చివరి కాలంలో కారు సంగతి కూడా రాస్తున్నారని నాకు తెలియదు.

“చూడు నాయనా, మూడుసార్లూ మంగళవారమే ఆగింది. శుక్రవారం ఒక్కసారీ ఆగలేదు” అన్నారు.

చూశాను. నిజమే.

“ఇంకొకటి చూడు. ఆదివారం గుంటూరు వెళ్ళి అమ్మాయిని చూసివచ్చిన వారాలలో హెచ్చరిక లేదు. వెళ్ళని వారాలలోనే వచ్చింది.”

నేను ఆ కాగితాల వంకే చూస్తూ ఉండిపోయాను. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకొని మళ్ళీ అన్నారు: “మా సంఘంలో నిలవ తగ్గితే ఇనప్పెట్టె మార్చేవాళ్ళం కాదు. రాబడి ఎంత, ఖర్చెంత అని చూసేవాళ్ళం. నువ్వు పెట్టె మార్చావు, రాబడి తెచ్చే మనిషిని మార్చావు. ఖర్చు చూశావా?”

చూడలేదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఖర్చేముంటుందన్నది నా ధీమా.

కొలిచిన తరువాతే మాట

పక్కింటివారి కారు సాయంతో బండిని కదిలించి ఆటోనగర్ తీసుకువెళ్ళాను. అక్కడ నలభై ఏళ్ళుగా బండ్ల విద్యుత్ పని చేస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడని మిత్రుడొకడు చెప్పాడు. ఆయన ముందుగా పానా పట్టుకోలేదు. నాన్నగారి పుస్తకంలోని తేదీలు చెప్పించుకొని శ్రద్ధగా విన్నాడు.

“ఈ మధ్య బండిలో కొత్తగా ఏమన్నా పెట్టించారా బాబూ?” అని అడిగాడు.

“ఏమీ లేదు మేస్త్రీ గారూ” అన్నాను.

ఆయన రాత్రంతా బ్యాటరీకి చార్జింగు పెట్టి, మరునాడు నా ఎదుటే ఒక్కొక్కటిగా కొలిచాడు. ఆ వరుస ప్రతి కారు యజమానీ తెలుసుకోదగినది.

మొదటిది నిలవ. చార్జింగు తీసివేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం. 12 కంటే తగ్గితే అడుగంటినట్లే. మాది 12.6 చూపింది.

రెండవది బలం. స్టార్టరు తిప్పుతూ ఉండగా వోల్టులు తగ్గడం సహజం. అయితే 9.6 కంటే కిందికి దిగకూడదు. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా అంతకంటే దిగితే లోపల అర చెడినదని అనుమానించాలి. మాది 10.4 దగ్గర నిలిచింది.

మూడవది రాబడి. ఇంజను నడుస్తూ ఉండగా సాధారణంగా 13.8 నుండి 14.5 వోల్టుల దాకా రావాలి. హెడ్‌లైట్లు, ఫాను వేసినా బాగా పడిపోకూడదు. ఇటీవలి కొన్ని కార్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే ఈ అంకెను హెచ్చించి తగ్గిస్తుంది. కనుక ఒక్కసారి చూసి తొందరపడి తీర్పు చెప్పకూడదు. మాది 14.2 చూపింది.

నాలుగవది దారి. బ్యాటరీ కొమ్ములకు, తీగల బిగింపులకు మధ్య తెల్లని పొడి పేరుకుంటే వచ్చే విద్యుత్తూ అడ్డుపడుతుంది, పోయే విద్యుత్తూ అడ్డుపడుతుంది. ఇంజను నుండి బ్యాటరీకి వచ్చే ఎర్తు తీగ తుప్పు పట్టినా అంతే. మేస్త్రి స్టార్టరు తిప్పించి బిగింపుల దగ్గర మీటరు ఆనించి చూశాడు. దాదాపు తేడా లేదు.

“బ్యాటరీ బాగుంది, ఆల్టర్నేటర్ బాగుంది, తీగలు బాగున్నాయి. పాత ఆల్టర్నేటర్ కూడా బాగానే ఉండి ఉంటుంది బాబూ. ఇక మిగిలింది దొంగ ఖర్చు” అన్నాడు మేస్త్రి. మునుపటి షాపువారిని మాత్రం ఆయన ఒక్క మాట అనలేదు.

నిద్రపోని తీగ

తాళం తీసివేసిన కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, దొంగల హెచ్చరిక, తాళంచెవిని గుర్తుపట్టే యంత్రం, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, వీటికి కొద్దిపాటి విద్యుత్తు కావాలి. ఆ ఖర్చు సాధారణంగా 0.05 ఆంపియరు లోపు ఉంటుంది. దానిని కొలవడానికి మీటరును 10 ఆంపియర్ల అమరికలో పెట్టి, బ్యాటరీ రుణకొమ్ముకూ దాని తీగకూ నడుమ కలపాలి. ఆ స్థితిలో పొరపాటున కూడా స్టార్టరు తిప్పకూడదు, మీటరు కాలిపోతుంది. తలుపులు వేసి, బండికి తాళం పెట్టి, అరగంట నుండి గంటదాకా ఓపిక పట్టాలి. లోపలి యంత్రాలు ఒక్కొక్కటే నిద్రకు జారుకోవడానికి ఆ వ్యవధి అవసరం. ఈ ఓపిక లేనివారు మేలుకొని ఉన్న యంత్రాలను చూసి లేని దొంగను ఉన్నాడనుకుంటారు.

మేము ముప్పావు గంట వేచి ఉన్నాము. అంకె 0.21 దగ్గర ఆగింది. ఉండవలసినదానికి నాలుగు రెట్లకు పైన.

మేస్త్రి ఫ్యూజులను ఒక్కొక్కటే పీకి, అంకె చూసి, మళ్ళీ పెట్టాడు. అంకె కదలలేదు. ఫ్యూజుల పెట్టె మొత్తం చూసినా దొంగ దొరకలేదు. అప్పుడాయన బ్యాటరీ ధనకొమ్ము దగ్గరకు వంగి, కంపెనీ వేసిన తీగలలో కలవని ఒక ఎర్ర తీగను వేలితో పట్టుకొన్నాడు. దానికి వేరే చిన్న ఫ్యూజు ఉంది. దానిని లాగాడు. అంకె 0.03కు పడిపోయింది.

ఆ తీగ వెంట పోతే అది ముందు సీటు కిందికి చేరింది. అక్కడ నల్లని చిన్న పెట్టె ఉంది. దానిని చూడగానే నాకు తల కొట్టేసినట్లయింది.

జూన్ మొదటి వారంలో నేనే పెట్టించిన ఆంప్లిఫయర్ అది. నాన్నగారికి వినికిడి తగ్గింది. ఆసుపత్రికి పోయే దారిలో పాత నాటక పద్యాలు వినడం ఆయనకు ఇష్టం. కారులోని స్పీకర్ల ధ్వని చాలక ఆయన తల ముందుకు వంచి వినడం చూసి, సంతోషపెడదామని దానిని బిగించమన్నాను. కొత్తగా ఏమన్నా పెట్టించారా అని మేస్త్రి అడిగినప్పుడు నాకది జ్ఞాపకానికైనా రాలేదు. పాటల పెట్టెకూ, బండి ఆగిపోవడానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

దానిని మేల్కొలపడానికి సన్నని తీగ ఒకటి ఉంటుంది. తాళం తిప్పినప్పుడు మాత్రమే ఆ తీగకు విద్యుత్తు అందాలి. బిగించినవాడు దానిని ఎప్పుడూ విద్యుత్తు ఉండే చోట కలిపాడు. ఫలితంగా ఆ పెట్టె రాత్రింబగళ్ళు మేలుకొని, ఒక్క ధ్వని చేయకుండా విద్యుత్తు తాగుతూ కూర్చుంది.

లెక్క సరిపోయింది

ఆ సాయంత్రం నాన్నగారికి 0.21 అన్న అంకె చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి లెక్క కట్టారు.

మా బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. అంటే ఒక ఆంపియరు ప్రవాహాన్ని స్థూలంగా 35 గంటలు ఇవ్వగలదు. 0.21 ఆంపియరు చొప్పున రోజుకు 5 ఆంపియర్-గంటలు ఖర్చు. మంగళవారం నిండుగా బయలుదేరితే శుక్రవారానికి 15 పోయి 20 మిగులుతుంది, బండి లేస్తుంది. ఆసుపత్రికి పోయి వచ్చే దారిలో తిరిగి జమ అయ్యేది మేస్త్రి అంచనాలో సుమారు 8. నిలవ 28. తరువాతి నాలుగు రోజులలో 20 ఖర్చు. మంగళవారం తెల్లవారేసరికి మిగిలేది 8, అంటే నాలుగో వంతు కూడా లేదు. గుంటూరు ప్రయాణం చేసిన ఆదివారాలలో మరొక 15 దాకా జమపడి లోటు పూడేది. అందుకే ఆ వారాలలో హెచ్చరిక రాలేదు.

“చూశావా, ఆ నాలుగు రోజులు నాకూ దానికీ ఒకటే గండం” అని నాన్నగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మేస్త్రి సన్నని తీగను సరైన చోటికి మార్చడానికి 20 నిమిషాలు పట్టింది. 300 రూపాయలు తీసుకొన్నాడు. ఇప్పుడు నిద్రలో ఖర్చు 0.03 ఆంపియరు, నాలుగు రోజులకు కలిపి 3 ఆంపియర్-గంటలు కూడా కాదు. అయితే ఆయన ఒక హెచ్చరిక చేశాడు: సీసపు బ్యాటరీని పలుమార్లు అడుగంటనిస్తే పలకల మీద గట్టి పొర పేరుకుంటుంది, కొత్త బ్యాటరీ కూడా అకాలంగా ముసలిదవుతుంది. దొంగను పట్టకుండా బ్యాటరీ మార్చితే దాని గతీ పాతదాని గతే.

పాఠకులకు కొన్ని సూచనలు

మీ కారులో ఈ హెచ్చరిక మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటే ముందుగా ఒక కాగితం తీసుకోండి. ఏ రోజున వచ్చింది, అంతకుముందు బండి ఎన్ని రోజులు నిలిచి ఉంది, ఎంత దూరం నడిచింది, రాయండి. చాలా రోజులు నిలబడిన తరువాతే వస్తే దొంగ ఖర్చును వెతకండి. రోజూ నడుస్తున్నా వస్తే రాబడిని, బిగింపులను చూడండి. రాబడి సరిగా ఉండి, నిండుగా చార్జి చేసినా స్టార్టరు తిప్పినప్పుడు నీరసిస్తే బ్యాటరీ వయసును చూడండి. మన ఎండలకు బ్యాటరీ మూడు నాలుగేళ్ళలో ముసలిదవడం వింత కాదు.

దొంగ ఖర్చుకు సామాన్యమైన నిందితులు డిక్కీ దీపం, ఎప్పుడూ పనిచేసే కెమెరా, బండి జాడ తెలిపే యంత్రం, తరువాత పెట్టించిన పాటల పెట్టెలు. అరుదుగా ఆల్టర్నేటర్‌లోని డయోడు చెడి విద్యుత్తు వెనక్కు కారుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిపేవారికి ఏ దోషం లేకున్నా నిలవ తగ్గవచ్చు. వారానికొకసారి అరగంటకు పైగా బండి నడపడం మంచిది. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి లేచే ఇంజనుకు ప్రత్యేకమైన బ్యాటరీ ఉంటుంది. మార్చవలసివస్తే అదే రకం వేయించాలి. విద్యుత్ కార్లలో సైతం పెద్ద బ్యాటరీతోపాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే ఆ కారు కూడా మేల్కొనదు.

ఒక్క జాగ్రత్త మరువకండి. చార్జి అవుతున్న బ్యాటరీ నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర నిప్పు, బీడీ, సిగరెట్టు ఉండకూడదు. చేతి ఉంగరం, గడియారం తీసివేయండి. తీగలు విప్పేటప్పుడు రుణకొమ్మును ముందుగా విప్పండి, చివరగా బిగించండి. కంప్యూటర్లున్న కారు అయితే విప్పేముందు కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడండి. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు ఇంట్లో ఉంటే నిలవ, రాబడి మీరే చూసుకోవచ్చు. తక్కినది తెలిసిన మేస్త్రికి వదలండి. ఆయనను ఒక్క మాట మాత్రం తప్పక అడగండి: మార్చమంటున్నది కొలిచి చెబుతున్నారా, ఊహించి చెబుతున్నారా?

తరువాతి మంగళవారం తెల్లవారుజామున 5 గంటలకు నాన్నగారిని మళ్ళీ ముందు సీటులో కూర్చోబెట్టాను. ఆ ఆదివారం మేము గుంటూరు వెళ్ళలేదు, కావాలనే వెళ్ళలేదు. తాళంచెవి తిప్పేముందు మీటరు పెట్టి చూశాను. 12.5. ఇంజను మొదటి తిప్పుకే అందుకొంది. పద్యాలు పెట్టాను. ఆసుపత్రి వచ్చేదాకా నాన్నగారు సీటుకు వెనక్కు ఆనుకొని కళ్ళు మూసుకొని విన్నారు. 5.45కు మేము మెట్లెక్కాము.

పడక మీద పడుకొనేముందు ఆయన జేబు పుస్తకం తీసి, తన బరువు కింద 12.5 అని రాసుకొన్నారు. ఆ పక్కనే, సంఘంలో సాయంత్రం చిట్టా కట్టేటప్పుడు రాసినట్లుగా, రెండు మాటలు చేర్చారు: “తేడా లేదు.”